నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్, శిక్ష రెండూ ఒకటే కాదా? (లెర్నింగ్ చాప్టర్ డౌట్)

కొత్తపేజీ:
సైకాలజీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. లెర్నింగ్ చాప్టర్‌లో ఒక బిట్ దగ్గర మా క్లాసంతా రెండు ముక్కలైంది. ప్రశ్న ఇది: "సీటు బెల్టు పెట్టుకునేదాకా కారులో బీప్ శబ్దం వస్తూనే ఉంటుంది. పెట్టుకోగానే ఆగిపోతుంది. డ్రైవర్ బెల్టు పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాడు. ఇది దేనికి ఉదాహరణ?" కీలో రుణాత్మక పునర్బలనం (నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్) అని ఉంది. సగం మంది శిక్ష అంటున్నారు. నాకూ అలాగే అనిపిస్తోంది. చిరాకు పెట్టి పని చేయించడం శిక్ష కాకపోతే మరేమిటి? బట్టీ పట్టే అవసరం లేకుండా ఎవరైనా చెప్పండి ప్లీజ్.

గుడ్లగూబ:
కీ కరెక్టే. రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఆ ప్రవర్తన ఆ తర్వాత పెరిగిందా, తగ్గిందా? పెరిగితే పునర్బలనం, తగ్గితే శిక్ష. ఆ ప్రవర్తన చేసిన వెంటనే కొత్తగా ఏదైనా వచ్చి చేరిందా, ఉన్నది పోయిందా? చేరితే ధనాత్మకం, పోతే రుణాత్మకం. ఇక్కడ ప్లస్, మైనస్ అంటే కూడిక, తీసివేత. అంతే. బెల్టు పెట్టుకోవడం పెరిగింది, బీప్ పోయింది. కాబట్టి రుణాత్మక పునర్బలనం. చిరాకు ఎంత అన్నది ఈ లెక్కలోకి రాదు.

పాతబెంచి:
గుడ్లగూబ గారు చెప్పింది నిజం. కానీ ఆ రెండు ప్రశ్నల కంటే ముందు ఇంకో ప్రశ్న ఉంది. ఏ ప్రవర్తన గురించి మాట్లాడుతున్నాం? చాలా ఏళ్లు ఈ చాప్టర్ చెప్పాను, పిల్లలు తడబడేది ఎక్కువగా ఇక్కడే.

అదే కారు, అదే బీప్. "బెల్టు పెట్టుకోవడం" తీసుకుంటే, దాని తర్వాత శబ్దం ఆగింది, ఆ పని పెరిగింది. "బెల్టు లేకుండా బండి కదిలించడం" తీసుకుంటే, దాని తర్వాత శబ్దం మొదలైంది, ఆ పని తగ్గింది. ఈ రెండోది ధనాత్మక శిక్ష. మీ క్లాసులో సగం మందికి శిక్షలా కనిపించడానికి కారణం వాళ్లు రెండో ప్రవర్తనను చూడటం. వాళ్ల ఆలోచన పూర్తిగా కొట్టిపారేసేది కాదు. కానీ బిట్ అడిగింది బెల్టు పెట్టుకునే అలవాటు గురించి. కాబట్టి జవాబు కీలో ఉన్నదే.

పరీక్షలో ఉదాహరణ రాగానే మార్జిన్‌లో ఆ ప్రవర్తన పేరు రాసుకోండి. సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది.

గోడమీదపిల్లి:
అంటే అల్లరి పిల్లాడిని టీచర్ రోజూ తిడుతుంటే, వాడి అల్లరి రోజురోజుకీ ఎక్కువవుతుంటే, ఆ తిట్లు శిక్ష కిందకి రావా? టీచర్ గారు వింటే బాధపడతారు :)

పాతబెంచి:
రావు. అల్లరి పెరిగింది కాబట్టి ఆ తిట్లు పునర్బలనంగా పనిచేసినట్టే లెక్క. క్లాసంతా తనవైపు తిరిగి చూడటం, టీచర్ పాఠం ఆపి మరీ తన దగ్గరికి రావడం, ఇవి ఆ పిల్లాడికి దొరుకుతున్నాయి. ఇచ్చేవాళ్ల ఉద్దేశం ఏమిటన్నది ఇక్కడ పనికిరాదు. తీసుకున్నవాడి ప్రవర్తన ఎటు వెళ్లిందో చూడాలి. అందుకే "ఇది మంచి బహుమతేనా, కఠినమైన శిక్షేనా" అని ముందే చెప్పలేం. ఫలితం చూశాకే పేరు పెడతాం.

ఎర్రపెన్ను:
ఇదేదో గుండ్రంగా తిరుగుతున్నట్టుంది. ప్రవర్తన ఎందుకు పెరిగింది? పునర్బలనం వల్ల. అది పునర్బలనం అని ఎలా తెలిసింది? ప్రవర్తన పెరిగింది కాబట్టి. ఇందులో వివరణ ఎక్కడుంది?

గుడ్లగూబ:
మంచి అభ్యంతరం, ఇది పాతదే కూడా. ఒక్కసారి చూసి పేరు పెట్టి వదిలేస్తే నిజంగానే గుండ్రమే. కానీ ఒకచోట పనిచేసిందాన్ని ఇంకోచోట పరీక్షించవచ్చు. టీచర్ చూపు ఆ పిల్లాడి అల్లరిని పెంచిందనుకుందాం. అదే చూపు వాడు బుద్ధిగా కూర్చున్నప్పుడు ఇచ్చి చూడండి. కూర్చోవడం పెరిగితే మన ఊహకు బలం వచ్చింది. పెరగకపోతే ఊహ పోయింది. తప్పని తేలే అవకాశం ఉన్నప్పుడు అది గుండ్రం కాదు.

మెలకువ:
నేను పిల్లలతో, వాళ్ల తల్లిదండ్రులతో పనిచేస్తాను. కొత్తపేజీ గారికి రుణాత్మక పునర్బలనం బాగా ఎక్కాలంటే ఈ సీన్ చూడండి. ఇది దాదాపు ప్రతి ఇంట్లో ఉండేదే.

పిల్ల ఫోన్ కోసం ఏడుస్తుంది. అమ్మ కాసేపు ఓర్చుకుంటుంది, చివరికి ఇచ్చేస్తుంది. ఏడుపు ఆగుతుంది. మరుసటి రోజు పిల్ల ఇంకాస్త త్వరగా ఏడుస్తుంది, అమ్మ ఇంకాస్త త్వరగా ఇస్తుంది.

పిల్ల వైపు నుంచి: ప్రవర్తన ఏడవడం, దాని తర్వాత ఫోన్ వచ్చింది, ఏడవడం పెరిగింది. ధనాత్మక పునర్బలనం. అమ్మ వైపు నుంచి: ప్రవర్తన ఫోన్ ఇవ్వడం, దాని తర్వాత ఏడుపు ఆగింది, ఇవ్వడం పెరిగింది. రుణాత్మక పునర్బలనం. ఇద్దరూ ఒకరికొకరు నేర్పుకుంటున్నారు. అమ్మకు మాత్రం తాను నేర్పుతున్నట్టు తెలియదు, తాను నేర్చుకుంటున్నట్టు అసలే తెలియదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది పిల్ల మొండితనం గురించి మాట్లాడతారు. తమ వైపు జరుగుతున్న రెండో సగం ఎవరికీ కనబడదు.

కొత్తపేజీ:
మెలకువ గారూ, ఇది సూపర్. అయితే అమ్మ ఫోన్ ఇవ్వడం మానేస్తే ఏడుపు తగ్గిపోవాలి కదా? మా పుస్తకంలో దాన్ని విలుప్తీకరణం (ఎక్స్‌టింక్షన్) అన్నారు.

మెలకువ:
తగ్గుతుంది, కానీ వెంటనే కాదు. చాలాసార్లు ముందు పెరుగుతుంది. అంతకుముందు ఏడిస్తే సరిపోయేది, ఇప్పుడు కింద పడి దొర్లుతుంది, వస్తువులు విసురుతుంది. దీన్ని ఎక్స్‌టింక్షన్ బరస్ట్ అంటారు. ప్రతిసారీ ఇలాగే జరగాలని లేదు, కానీ జరిగినప్పుడు తల్లిదండ్రులు సరిగ్గా అక్కడే లొంగిపోతారు. అప్పుడు పిల్ల నేర్చుకునేది ఏమిటంటే, మామూలు ఏడుపు చాలదు, దొర్లాలి అని.

ఇంకో ఇబ్బంది ఉంది. నాలుగు రోజులు ఇవ్వకుండా ఐదో రోజు ఇస్తే అలవాటు సగమైనా పోతుందని అనుకుంటారు. జరిగేది దానికి వ్యతిరేకం. అప్పుడప్పుడు మాత్రమే ఫలితం దొరికిన ప్రవర్తన, ప్రతిసారీ దొరికినదాని కంటే ఎక్కువ కాలం నిలబడుతుంది. ప్రతిసారీ దొరికేది ఒకసారి దొరకకపోతే తేడా వెంటనే తెలిసిపోతుంది. ఎప్పుడో ఒకసారి దొరికేది ఈరోజు దొరకకపోయినా, "రేపు దొరుకుతుందేమో" అన్న ఆశ మిగిలే ఉంటుంది.

గుడ్లగూబ:
దీని మీద ఫెర్‌స్టర్, స్కిన్నర్ అనే సైకాలజిస్టులు కలిసి 1957లో పెద్ద గ్రంథమే వేశారు. పావురాలు ఎన్నిసార్లు పొడిస్తే, ఎంతసేపటికి గింజలు పడితే, వాటి పొడిచే వేగం ఎలా మారుతుందో గ్రాఫుల మీద గ్రాఫులు. ఎన్నో పొడుపుకి గింజ పడుతుందో ముందే తెలియని పద్ధతిలో పావురాలు ఆగకుండా, వేగంగా పొడుస్తాయి. జూదం యంత్రాలు ఇదే పద్ధతిలో నడుస్తాయి. ఫోన్ తీసి ఏదైనా కొత్తది వచ్చిందేమో అని మాటిమాటికీ చూడటాన్ని కూడా దీంతోనే పోలుస్తారు.

సరదా సంగతి ఒకటి. స్కిన్నర్‌కి తొలి విలుప్తీకరణ గ్రాఫు ప్లాన్ చేసి రాలేదు. ఎలుకకు గింజలు వేసే పరికరం మధ్యలో ఇరుక్కుపోయింది, ఎలుక మీట నొక్కుతూనే ఉంది, గ్రాఫు మీద గీత మెల్లగా వంగిపోయింది. ఆయనే తర్వాత రాసుకున్నాడు.

కొత్తపేజీ:
ఇంకో డౌట్. పిల్లకి ఫోన్ కనపడగానే ఏడుపు మొదలైతే అది పావ్‌లోవ్ కుక్క లాంటిదే కదా? గంట మోగగానే లాలాజలం, ఫోన్ కనపడగానే ఏడుపు. శాస్త్రీయ నిబంధనం (క్లాసికల్ కండిషనింగ్) ఎక్కడ ఆగి కార్యసాధక నిబంధనం (ఆపరెంట్ కండిషనింగ్) ఎక్కడ మొదలవుతుందో అర్థం కావట్లేదు.

పాతబెంచి:
ఒక్క ప్రశ్నతో తేలుతుంది. ఫలితం ఆ ప్రాణి చేసిన పని మీద ఆధారపడిందా? పావ్‌లోవ్ ప్రయోగంలో గంట మోగాక, కుక్క లాలాజలం కార్చినా కార్చకపోయినా ఆహారం వస్తుంది. కుక్క చేసేదేమీ లేదు, ఒకదాని వెంట ఒకటి వస్తోందని నేర్చుకుంటుంది. స్కిన్నర్ పెట్టెలో ఎలుక మీట నొక్కకపోతే గింజ రాదు. పిల్ల ఏడవకపోతే ఫోన్ రాదు. అందుకే ఏడుపు కార్యసాధకం. ఫోన్ కనిపించడం అక్కడ "ఇప్పుడు ఏడిస్తే పని అవుతుంది" అనే సంకేతం మాత్రమే.

అయితే నిజ జీవితంలో రెండూ విడివిడిగా దొరకవు. ఫోన్ చూడగానే పిల్లలో కలిగే ఉత్సాహం ఉంది చూశారూ, అది శాస్త్రీయ నిబంధనమే. ఆ ఉత్సాహంతో చేసే పని కార్యసాధకం. పుస్తకంలో వేరు వేరు పేజీల్లో ఉన్నాయని బయట కూడా వేరు వేరుగా ఉంటాయనుకోకండి.

పావ్‌లోవ్ సైకాలజిస్టు కాదు, శరీరధర్మ శాస్త్రవేత్త. 1904లో నోబెల్ వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికి. గంట కథ బాగా పాకిపోయింది కానీ ఆయన ప్రయోగశాలలో మెట్రోనోమ్ (లయగా టిక్ టిక్ మనే పరికరం), బజర్, దీపాలు, చర్మం మీద స్పర్శ, ఇలా చాలా వాడారు.

ఎర్రపెన్ను:
అంతా కుక్కలు, ఎలుకలు, పావురాలేనా? మనుషుల మీద ఉన్నదల్లా ఆ ఆల్బర్ట్ అనే పసివాడి కథ. ఒకే ఒక్క పిల్లాడు. దాన్ని వందేళ్లుగా ప్రతి పుస్తకంలో వేస్తున్నారు. ఇది సైన్సేనా?

గుడ్లగూబ:
ఆల్బర్ట్ విషయంలో మీతో నూరు శాతం ఏకీభవిస్తాను. వాట్సన్, రేనర్ 1920లో ప్రచురించిన ఆ ప్రయోగంలో పిల్లాడు ఒక్కడే. సుమారు పదకొండు నెలల వయసులో తెల్ల ఎలుకను చూపించి, వెనక ఇనుప కడ్డీని సుత్తితో కొట్టారు. భయాన్ని కొలిచే పద్ధతేమీ లేదు, చూసినవాళ్లు రాసుకున్న వర్ణనే. పోల్చి చూడటానికి ఇంకో పిల్లాడు లేడు. తర్వాత కుందేలును, కుక్కను, బొచ్చు కోటును చూసి కూడా భయపడ్డాడని రాశారు, కానీ ఆ స్పందనలు అన్నిసార్లూ ఒకేలా లేవు. చివరికి ఆ భయం పోగొట్టకుండానే వదిలేశారు. ఇప్పుడైతే ఏ నైతిక కమిటీ దాని గడప కూడా తొక్కనివ్వదు. ప్రయోగం కంటే కథగానే ఎక్కువ బతికింది.

కానీ కండిషనింగ్ ఆల్బర్ట్ మీద నిలబడి లేదు. మనుషుల కంటి రెప్ప మీదికి గాలి ఊది, దాని ముందు ఒక శబ్దం వినిపిస్తే, కాసేపటికి ఆ శబ్దానికే రెప్ప మూసుకుంటుంది. ఇది ఎన్నో ల్యాబుల్లో, ఎన్నోసార్లు చేశారు. పుస్తకాలు ఆ ప్రయోగాన్ని పెద్దక్షరాల్లో వేయవు, ఎందుకంటే అందులో పసివాడు లేడు, ఏడుపు లేదు.

మెలకువ:
ఆల్బర్ట్ పక్కన పీటర్ అనే పిల్లాడి గురించి కూడా చెప్పాలి. 1924లో మేరీ కవర్ జోన్స్ రాసిన కేసు. పీటర్‌కి కుందేలంటే భయం. అతను ఇష్టమైనది తింటూ ఉండగా కుందేలును దూరంగా పెట్టి, రోజు రోజుకీ కొద్దికొద్దిగా దగ్గరికి తెచ్చారు. భయపడని పిల్లలతో కలిపి ఆడించారు కూడా. చివరికి కుందేలును నిమిరేదాకా వచ్చాడు. ఇదీ ఒక్క పిల్లాడి కేసే, ఎర్రపెన్ను గారి అభ్యంతరం దీనికీ వర్తిస్తుంది. కానీ ఈ దారిలోనే తర్వాత జోసెఫ్ వోల్పీ వంటివాళ్లు చికిత్స పద్ధతులు తయారుచేశారు, వాటిని ఎంతోమంది మీద పరీక్షించారు. భయపెట్టిన ప్రయోగం అందరికీ గుర్తుంది, భయం పోగొట్టినది మాత్రం చాలా పుస్తకాల్లో ఫుట్‌నోట్.

వానచినుకు:
చదువుతూ ఉన్నాను, ఇప్పుడు నా ప్రశ్న. చిన్నప్పుడు కుక్క కరిచింది. అప్పటి నుంచి కుక్కను చూస్తే రోడ్డు అవతలికి వెళ్లిపోతాను. గుండె దడ. మళ్లీ ఏ కుక్కా కరవలేదు. విలుప్తీకరణం నిజమైతే, ఇన్నేళ్లలో నా భయం దానంతట అదే పోవాలి కదా?

మెలకువ:
వానచినుకు గారూ, మీ ప్రశ్న వల్ల ఈ చర్చ మొదటి డౌట్ దగ్గరికే తిరిగి వెళ్తుంది.

విలుప్తీకరణం జరగాలంటే సంకేతం రావాలి, దాని వెంట రావాల్సిన దెబ్బ రాకూడదు. అంటే కుక్క దగ్గర ఉండాలి, కరవకుండా ఉండాలి. మీరు అవతలికి వెళ్లిపోతున్నారు. కుక్క కరవదని తెలుసుకునే అవకాశం మీ మెదడుకు ఒక్కసారి కూడా దొరకలేదు. పైగా రోడ్డు దాటిన ప్రతిసారీ ఏం జరుగుతోంది? దడ తగ్గుతోంది. ప్రవర్తన రోడ్డు దాటడం, పోయింది దడ, దాటడం పెరిగింది. రుణాత్మక పునర్బలనం!

ఓ. హెచ్. మౌరర్ అనే సైకాలజిస్టు 1947లో చెప్పింది దాదాపు ఇదే. భయం పుట్టేది శాస్త్రీయ నిబంధనంతో, నిలబడేది తప్పించుకోవడం వల్ల దొరికే ఉపశమనంతో. తర్వాత ఈ సిద్ధాంతానికి చాలా సవరణలు వచ్చాయి. ఏ చేదు అనుభవమూ లేకుండానే భయపడేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల సంగతి దీంతో పూర్తిగా తేలదు. కానీ తప్పించుకునే కొద్దీ భయం బతుకుతుందన్న భాగం ఇప్పటికీ చికిత్సలో రోజూ పనికొస్తోంది. పరీక్ష టెన్షన్ వచ్చి పుస్తకం మూసేస్తే కాసేపు హాయిగా ఉంటుంది చూశారా, అక్కడా జరిగేది ఇదే.

వానచినుకు:
అయితే ధైర్యం చేసి ఒకసారి కుక్క పక్కన నిలబడితే సరిపోతుందా?

మెలకువ:
ఒక్కసారి నిలబడి, దడ తారస్థాయిలో ఉండగా పారిపోతే మళ్లీ పారిపోవడానికే ఉపశమనం అనే బహుమతి దొరికినట్టు. అందుకే మెట్లు మెట్లుగా చేస్తారు. బొమ్మలు, వీడియోలు, దూరంగా కట్టేసి ఉన్న కుక్క, తర్వాత దగ్గరగా. ప్రతి మెట్టు దగ్గరా అనుకున్న ప్రమాదం జరగలేదని తెలిసేదాకా ఉంటారు. తెలియని వీధికుక్క మీద ప్రయోగాలు వద్దు, అక్కడ భయం న్యాయమైనదే. రోజువారీ పనులకు అడ్డొస్తుంటే క్లినికల్ సైకాలజిస్టును కలవండి. నిర్దిష్టమైన భయాలకు ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది.

పాత భయం చెరిగిపోదు అన్నది కూడా తెలిసి ఉండాలి. దాని మీద కొత్త జ్ఞానం చేరుతుంది, అంతే. కొన్నాళ్ల విరామం తర్వాత భయం కాస్త తలెత్తవచ్చు. మీ పుస్తకాల్లో దీన్ని అయత్నసిద్ధ స్వాస్థ్యం (స్పాంటేనియస్ రికవరీ) అని ఉంటుంది. పావ్‌లోవే గమనించాడు. చోటు మారినా తిరిగి రావచ్చు. అందుకే ఒకే గదిలో, ఒకే కుక్కతో సాధన చేస్తే చాలదు.

గోడమీదపిల్లి:
నాకు ఒక పానీయం వాసన వస్తేనే కడుపులో తిప్పుతుంది. ఒకసారి అది తాగిన కొన్ని గంటలకు జ్వరం, వాంతులు. తప్పు ఆ పానీయానిది కాదని తెలుసు, అయినా పోదు. ఒక్కసారితోనే, అదీ గంటల తేడాతో. పావ్‌లోవ్ లెక్కకి ఇది కుదురుతుందా?

గుడ్లగూబ:
సరిగ్గా ఇక్కడే పాత లెక్కకు దెబ్బ తగిలింది. 1966లో గార్సియా, కోలింగ్ ఎలుకలకు తీపి నీళ్లు తాగేటప్పుడు వెలుగు, శబ్దం కూడా వచ్చేలా పెట్టారు. కొన్నిటికి ఆ తర్వాత వికారం కలిగించారు, కొన్నిటికి కాళ్లకు కరెంటు షాక్ ఇచ్చారు. వికారం కలిగినవి తీపిని మానేశాయి కానీ వెలుగును, శబ్దాన్ని పట్టించుకోలేదు. షాక్ తగిలినవి వెలుగు, శబ్దం ఉన్న నీళ్లను మానేశాయి, తీపిని పట్టించుకోలేదు. దేన్ని దేనితోనైనా జతచేయవచ్చు అన్న నమ్మకం అక్కడ పోయింది. కడుపు చెడితే మెదడు రుచినే అనుమానిస్తుంది. రుచికీ వికారానికీ మధ్య గంటలు గడిచినా ఆ ముడి పడుతుందని గార్సియా మిగతా ప్రయోగాల్లో తేలింది.

రెండేళ్లకు, 1968లో రెస్కోర్లా ఇంకోటి చూపించాడు. శబ్దంతో పాటు షాక్ ఎన్నోసార్లు వచ్చినా, శబ్దం లేనప్పుడు కూడా అంతే అవకాశంతో షాక్ వస్తుంటే ఎలుక శబ్దానికి భయపడదు. జతపడటం చాలదు, ఒకటి రెండోదాన్ని ముందుగా పసిగట్టడానికి పనికిరావాలి.

ఎర్రపెన్ను:
ఇది నచ్చింది. పాత నియమాన్ని వాళ్లే పడగొట్టుకున్నారన్నమాట. మరి ఏ బహుమతీ లేకుండా మనం నేర్చుకునేవి? చూసి నేర్చుకునేవి?

పాతబెంచి:
టోల్మన్, హోన్జిక్ 1930లో ఎలుకల్ని పది రోజులు చిక్కుదారుల్లో ఊరికే తిరగనిచ్చారు. పదకొండో రోజు చివర్లో ఆహారం పెట్టారు. ఆ మరుసటి రోజుకే అవి, మొదటి నుంచీ ఆహారం తింటున్న ఎలుకలకు సమంగా, తక్కువ తప్పులతో వెళ్లాయి. దారి ముందే తెలుసు, చూపించే అవసరం రాలేదంతే. చూసి నేర్చుకోవడానికి బందూరా 1961లో చేసిన బొమ్మ ప్రయోగం మీ తర్వాతి చాప్టర్‌లో వస్తుంది. పెద్దవాళ్లు బొమ్మను కొట్టడం చూసిన పిల్లలు తామూ కొట్టారు. వాళ్లకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

కొత్తపేజీ:
మా టీచర్ అయితే బహుమతి ఇస్తే ఏ పనైనా పెరుగుతుంది అన్నారు.

మెలకువ:
"ఏ పనైనా" దగ్గర జాగ్రత్త. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్‌బెట్ బొమ్మలు గీయడమంటే ముందే ఇష్టమున్న చిన్నపిల్లల్ని తీసుకున్నారు. కొందరికి గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు, కొందరికి చెప్పకుండా ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. కొద్దిరోజుల తర్వాత స్వేచ్ఛగా వదిలేస్తే, ముందే మాట ఇచ్చి బహుమతి ఇచ్చిన పిల్లలు మిగతావాళ్లలో దాదాపు సగం సేపే గీశారు. చెప్పకుండా ఇచ్చినవాళ్లలో తగ్గలేదు. దీన్ని బట్టి బహుమతులే చెడ్డవి అని ప్రచారం చేసేవాళ్లున్నారు, అది అతి. అసలు ఇష్టం లేని పని మొదలుపెట్టించడానికి అవి పనికొస్తాయి. పిల్ల తనంతట తాను చేస్తున్న పనికి రేటు కట్టడమే అనవసరం.

కొత్తపేజీ:
సరే, ఇప్పుడు నా టెస్ట్ దిద్దండి. తలనొప్పికి మాత్ర వేసుకుంటే నొప్పి పోయి, తర్వాత కూడా మాత్ర వేసుకుంటున్నారు: రుణాత్మక పునర్బలనం. గొడవ చేస్తే ఆట నుంచి బయటకు పంపారు, గొడవ తగ్గింది: రుణాత్మక శిక్ష. డౌట్ అడిగితే క్లాసంతా నవ్వింది, ఆ తర్వాత ఆ అమ్మాయి అడగడం మానేసింది: ధనాత్మక శిక్ష. డాక్టర్ తెల్ల కోటు చూడగానే పసివాడు ఏడ్చాడు: శాస్త్రీయ నిబంధనం. చివరిది: లైబ్రరీలో పుస్తకం ఆలస్యమైతే జరిమానా.

గుడ్లగూబ:
మొదటి నాలుగూ కరెక్ట్. నాలుగోది, అంతకుముందు తెల్ల కోటుతో పాటు సూది నొప్పి కలిగి ఉంటేనే. పసివాళ్లు కొత్తవాళ్లను చూసి ఊరికే కూడా ఏడుస్తారు. ఐదోదానికి జవాబు లేదు, ఎందుకంటే మీరు సగమే రాశారు. జరిమానా కట్టాక ఆలస్యం చేయడం తగ్గిందా?

కొత్తపేజీ:
తగ్గితే డబ్బు పోయింది కాబట్టి రుణాత్మక శిక్ష. "ఎలాగూ డబ్బు కడుతున్నాం కదా" అని ఇంకా ఆలస్యం చేస్తే శిక్ష కానే కాదు. పునర్బలనమా?

పాతబెంచి:
ఆలస్యం పెరిగినంత మాత్రాన కారణం జరిమానాయే అని తేల్చలేం. పుస్తకం దగ్గరుంచుకోవడం వల్ల వచ్చే లాభమే ఎక్కువై ఉండవచ్చు. జరిమానా తీసేసి చూడాలి. ఆలస్యం మళ్లీ తగ్గితేనే మీరన్న మాట నిలుస్తుంది. ఇలాంటి బిట్ పరీక్షలో వస్తే మాత్రం రుణాత్మక శిక్ష అని రాసేయండి, కీలో అదే ఉంటుంది.